కంచెక్క బిగించిన కంచె

ఆమెకు కంచెక్క అని పేరు పెట్టింది ఎవరో ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్ళు మాత్రం ఊరికే పెట్టలేదు. పొద్దున్నే ఇంత వండి మూతపెట్టి, అత్తగారికి మందుబిళ్ళలు చేతిలో పోసి, మొగుడి బస్సు డ్యూటీకి డబ్బా కట్టి, తానింకో బస్సెక్కి పరిశోధనశాలకి వెళ్ళేది. అక్కడ రోజంతా ఆమె చేసే పని కంచెలు గీయడం. పొలం లేదు, పశువు లేదు. కంప్యూటరు తెర నిండా చుక్కలు, ఇసక చల్లినట్టు. ఆ ఇసకలో ఏ గుంపు ఎవరిదో చూసి చుట్టూ ఒక గీత లాగడం. ఓస్ ఇంతేనా అనుకునేరు! ఆ గీత కోసం డాక్టరేట్లు చదివేవాళ్ళంతా ఆమె కుర్చీ వెనకాల చేతులు కట్టుకుని నిలబడేవారు.

ఆ చుక్కలేమిటో చెప్పకపోతే కథ ముందుకు సాగదు. ఒంట్లోకి ఏ పాడు క్రిమో చొరబడితే దాని పని పట్టే కణాలు కొన్ని మనకీ ఉన్నాయి, ఎలుకలకీ ఉన్నాయి. వాటిలో ఒక రకం నెమ్మదస్తులు. వచ్చినవాడెవడో చూసి, మొహం గుర్తుపెట్టుకుని, నాలుగు రోజులు తర్ఫీదయ్యి, ఆనక తీరిగ్గా తంతాయి. రెండో రకానికి నేర్పేవాళ్ళు అక్కర్లేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధే చాలు. తనవాడు కాదు అనిపిస్తే ముందు మీద పడటం, తర్వాత సంగతి తర్వాత. కంచెక్క పనిచేసే చోట వెతికేదీ, లెక్కేసేదీ, తరతమాలు చూసేదీ ఈ రెండో రకాన్నే.

వెతకడం మాటలు కాదు. ఎలుకని నొప్పి తెలియకుండా శాశ్వతంగా నిద్రపుచ్చాలి. ఊపిరితిత్తుల్ని తీసి, సన్నగా తరిగి, మందునీళ్ళలో నానబెట్టి, జల్లెడ పట్టాలి. ఎర్రకణాలను పగలగొట్టి కడిగేసి, మిగిలినవాటికి రంగులంటించాలి. ఒక్కో జాతి కణం ఒంటిమీద ఒక్కో గుర్తు ఉంటుంది, ఆ గుర్తు దగ్గరికే పోయి అతుక్కునే రంగులుంటాయి. ఆపైన యంత్రంలో పెడితే, కణాలన్నీ వెంట్రుకంత ధారలో ఒకదాని వెనక ఒకటి లేజరు వెలుగు ముందునుంచి దాటిపోతాయి. దాటిన ప్రతి కణం తెరమీద ఒక చుక్క.

వచ్చిన చిక్కల్లా జంటలతోనే. ఒక్కోసారి రెండు కణాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని దాటేస్తాయి. యంత్రానికి కళ్ళెక్కడివి? ఒకటే అనుకుంటుంది. దీని రంగూ దాని రంగూ కలిసి ఒకే చుక్కలో కనబడేసరికి, కొత్త జాతి దొరికిందని పిల్లలు గంతులేస్తారు. తెరమీద విడిగా దాటిన ఒంటి కణాలన్నీ ఒక వాలుబాటలో పడతాయి, జంటలు ఆ బాటకి పక్కగా జారి పడతాయి. కంచెక్క మొట్టమొదటి కంచె అక్కడే. ఒంటివి లోపల, జంటలు బయట. ఆమె కంచె బిగువుగా ఉంటుందని పేరు. ఎవరు ఏ ఫలితం పట్టుకొచ్చినా, ఆ పరిశోధనశాలని నడిపే పెద్దమేడం కళ్ళద్దాలు పైకి తోసుకుని ముందడిగే మాట ఒకటే.

"కంచెక్క చూసిందా?"

ఆ ఒక్క మాట మీద కంచెక్క చాలా ఏళ్ళు బతికింది. ఇంట్లో కూర మాడినా, బస్సులో చెప్పు తెగినా, ఆ మాట చెవిన పడితే అన్నీ మర్చిపోయేది.

అలాంటి చోటికి పిచ్చుక వచ్చింది.

అది కూడా ముద్దుపేరే. డాక్టరేటు చదవడానికి కొత్తగా చేరిన పిల్ల. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ కిచకిచలాడుతూ ఉండేది. యంత్రంతో మాట్లాడేది, జల్లెడతో మాట్లాడేది, ఎలుకలతో సరే సరి. మొదటి వారం కంచెక్కకి ఆ పిల్ల తెగ నచ్చింది. "అక్కా, మీరు గీస్తుంటే ముగ్గేస్తున్నట్టుంది" అంటే ఉబ్బిపోయింది కూడా. రెండో వారం ఎలుకల గదిలో చిన్న సంగతి జరిగింది.

ఎలుకల గదికి కాపలా ఒక పెద్దాయన, అందరికీ బాబాయి. నల్లెలుకలు కొన్ని మహా పొగరుబోతులు, కంచెక్క వాటి తోక పట్టుకోగానే గింగిరాలు తిరిగి చేతి తొడుగు మీద కొరికేవి. పిచ్చుక చెయ్యి పెట్టిందో లేదో, అదే ఎలుక అరచేతిలో కూర్చుని మీసాలు తుడుచుకుంది.

"చూశావా తల్లీ, హస్తవాసి అంటే అదీ!" అన్నాడు బాబాయి పొంగిపోతూ.

"చేతికేదో రాసుకొచ్చుంటుంది" అంది కంచెక్క.

"ఎలుకని మంచి చేసుకోడానికి కూడానా?"

"ఏమో బాబాయ్, ఈ కాలం పిల్లలు దేనికైనా సమర్థులు."

ఆ తర్వాత బాబాయి కొత్త ఎలుకపిల్లలు పుట్టినప్పుడల్లా ముందు పిచ్చుకనే కేకేశాడు. అంతకుముందు కంచెక్కని పిలిచేవాడు. పిలిస్తే వెళ్ళేదా అంటే, పని ఉందని ఎన్నిసార్లు ఎగ్గొట్టిందో లెక్కలేదు. అయినా పిలుపు పిలుపే కదా.

పెద్దమేడం సంగతి ఇంకా ఘోరం. మొదట్లో పిచ్చుకతో, "నీ చుక్కలకి కంచె నువ్వే గీసి చూడమ్మా, నేర్చుకుంటావు. తర్వాత కంచెక్క సరిచేస్తుంది" అంది. బాగానే ఉంది. కొన్నాళ్ళకి "తర్వాత" అన్న మాట మెల్లగా జారిపోయింది. ఒకరోజు పిచ్చుక తెచ్చిన చుక్కల బొమ్మని మేడం అటూ ఇటూ తిప్పి చూసి, "బావుంది" అని బల్లమీద పెట్టేసింది. కంచెక్క చూసిందా అని అడగలేదు. పక్క బల్ల దగ్గర కంచెక్క చెవులు రిక్కించి ఎదురుచూస్తూనే ఉంది. ఆ మాట రాలేదు. చేతిలో గొట్టాలకి మూతలు పెడుతూ ఒక మూత తప్పు గొట్టానికి పెట్టేసింది, ఆమె జన్మలో ఎప్పుడూ చెయ్యని పని.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెలు ధడేల్ ధడేల్‌న పెడుతుంటే అత్తగారు మంచం మీదనుంచి లేచి కూర్చుంది.

"ఎవరి మీదే ఆ కోపం? గిన్నెలేం చేశాయి?"

"ఎవరి మీదా లేదు అత్తయ్యా."

"లేకపోతే సొట్టలు పడేట్టు తోముతావా? ఆ కొత్త పిల్లేనా?"

కంచెక్క ఇంకో గిన్నె అందుకుంది. అత్తగారు బోసినోటితో నవ్వింది. "మొన్న చెప్పావే, ఎలుకల్లో ఏవో కణాలున్నాయనీ, కొత్తమొహం కనబడితే మంచీ చెడూ అడగకుండా మీద పడతాయనీ. వాటిని వెతకడానికి అంతదూరం బస్సులో పోవడం దేనికే? అద్దం ముందు నిలబడితే పోయె."

భర్త భోజనం ముందు కూర్చుని పొలమారేలా నవ్వాడు. "అమ్మా, నువ్వు ఊరుకో. ఇవాళ కూరలో కూడా ఉప్పు ఎక్కువైంది."

"మీకు నవ్వులాటగానే ఉంటుంది" అంది కంచెక్క. "మీ రూటులోకి నిన్నగాక మొన్న చేరిన డ్రైవర్ని తీసుకొచ్చి, నీకంటే వీడు బాగా తోలుతున్నాడంటే తెలుస్తుంది."

"అన్నారుగా పోయినేడు. వాడు నిజంగానే బాగా తోలతాడు."

"మరి మీకేమనిపించింది?"

"ఏమనిపిస్తుంది? వాడి టైరులో గాలి తీసేద్దామనిపించింది" అని మళ్ళీ నవ్వాడు ఆయన. "తియ్యలేదులే. అందులో జనం ఎక్కుతారు కదా."

కంచెక్కకి ఆ మాట పట్టలేదు. ఆమె పట్టించుకునే స్థితిలో లేదు. కడుపులో మంట అలాంటిది, మందుబిళ్ళకి లొంగదు.

ఇంకొన్నాళ్ళకి అసలు సంగతి జరిగింది. పిచ్చుక ఎలుకల ఊపిరితిత్తుల్లో ఒక చిన్న గుంపు పట్టింది. చీమునెత్తుట్లో దొరికే దూకుడు కణాల గుర్తూ, చెత్తా చెదారం మింగి శుభ్రం చేసే పెద్ద కణాల గుర్తూ, రెండూ ఒకే చుక్కలో. ఇంతకుముందు వాళ్ళ ల్యాబులో ఎవరూ చూడనివి. పెద్దమేడంతో సహా అందరూ తెర ముందు మూగారు. టీ చల్లారిపోయింది. ఎవరో "అమ్మాయ్, పార్టీ ఎప్పుడు?" అన్నారు. పిచ్చుక మొహం దీపంలా వెలిగిపోతోంది.

అప్పుడు మేడం వెనక్కి తిరిగి, "కంచెక్కా, నువ్వోసారి చూడు" అంది.

ఎన్నాళ్ళకి! కంచెక్క కొంగు దులుపుకుని, జనాన్ని పక్కకి జరిపి, కూర్చుంది. చుక్కలు ఎక్కడున్నాయో చూడగానే ఆమె మనసు తేలికైపోయింది. వాలుబాట అంచున, సరిగ్గా జంటలు మొదలయ్యే చోట కూర్చున్నాయి.

"ఇవి జంటలు మేడం" అంది. "దూకుడుది ఒకటి, మింగేది ఒకటి అతుక్కున్నాయి. కంచె వదులుగా గీసింది పిల్ల."

చల్లటి నీళ్ళు గుమ్మరించినట్టు గదంతా నీరుగారిపోయింది. అప్పుడామె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ పనిలో తల పండిన వాళ్ళెవరైనా ముందు ఆ అనుమానమే పడతారు. కాకపోతే ఆ మాట చెబుతున్నప్పుడు నాలుక మీద బెల్లంముక్క ఉన్నట్టు అనిపించింది చూశారా, అది మాత్రం పనికి సంబంధించింది కాదు.

"జల్లెడ రెండుసార్లు పట్టాను అక్కా" అంది పిచ్చుక.

"పట్టావమ్మా. నేను కాదన్నానా?"

మేడం గోడమీద క్యాలెండరు వైపు చూసింది. "పెద్ద సభలో నేను చెప్పాల్సిన తేదీ దగ్గర పడుతోంది. చెప్పాక కాదని తేలితే నా తలెక్కడ పెట్టుకోవాలి? ఇద్దరూ కలిసి మొదటినుంచీ మళ్ళీ చెయ్యండి. కంచె మాత్రం కంచెక్క గీస్తుంది. ఆమె ఉన్నాయంటే ఉన్నట్టు, లేవంటే ఇక ఈ సంగతి వదిలేద్దాం."

మర్నాడు ఇద్దరూ పక్కపక్కన నిలబడి పని మొదలుపెట్టారు. పిచ్చుక కిచకిచ మానేసింది. కళ్ళు వాచి ఉన్నాయి. కంచెక్క మాత్రం ఎన్నడూ లేనంత శ్రద్ధగా చేసింది. జల్లెడ పట్టింది, మళ్ళీ పట్టింది. కణాలు అంటుకోకుండా విడదీసే మందు కలిపింది. చచ్చిన కణాలు అన్ని రంగుల్నీ పీల్చుకుని మోసం చేస్తాయి కాబట్టి వాటిని ఏరేసే రంగు వేసింది. ఎవరూ వేలెత్తి చూపకూడదు. ఇంత చేశాక ఆ చుక్కలు ఎగిరిపోతాయి, తన మాటే నిలబడుతుంది, అదీ ఆమె లోపలి లెక్క.

యంత్రం గుయ్యిమంటోంది. పిచ్చుక మంచుగడ్డలు తేవడానికి కింది అంతస్తుకి వెళ్ళింది. తెరమీద చుక్కలు రాలడం మొదలైంది.

ఆ గుంపు ఉంది.

చెదరలేదు, తగ్గలేదు. జంటలన్నీ తుడిచిపెట్టుకుపోయి వాలుబాట పక్కన నేల ఖాళీ అయిపోయింది. అది మాత్రం అంచున అలాగే కూర్చుని ఉంది. జంటలే అయితే మిగతా జంటలతో పాటు అదీ పోవాలి. పోలేదంటే ఒంటివే. కాస్త ఒళ్ళు పెద్దవి కావడం వల్ల అంచుకి జరిగాయి, అంతే.

కంచెక్కకి ఆ పిల్ల మీద కోపం ఒకెత్తు, ఇంకో ఆలోచన ఒకెత్తు. ఇన్నేళ్ళుగా ఆమె గీసిన బిగువు కంచెకి రవ్వంత అవతల, చెత్తతో పాటు ఊడ్చి పారేసిన చుక్కల్లో, ఇవీ ఉండే ఉంటాయి. ఆమె కళ్ళముందే. బిగువు అని మెచ్చుకుంటుంటే మురిసిపోతూ రోజూ వీటినే బయటికి తోసింది. నిన్న మొన్న వచ్చిన పిల్ల, గీయడం సరిగ్గా రాక, వదులుగా గీసి పట్టేసింది! రాకపోవడం వల్ల పట్టేసింది! అది తలుచుకుంటే కంచెక్క ఒళ్ళు భగ్గుమంది.

చెయ్యి దానంతటదే కదిలింది. కంచె మూలని పట్టుకుని గోరంత లోపలికి లాగింది. గుంపు బయటపడింది. కంచె లోపలివాటినే చూపించే తర్వాతి తెరలో ఆ చోటు ఖాళీ. ఎవరో తుడిచి ముగ్గేసిన వాకిలిలా శుభ్రంగా ఉంది. యంత్రంలో చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, ఎప్పుడైనా ఎవరైనా మళ్ళీ గీసుకోవచ్చు. కానీ కంచెక్క గీశాక మళ్ళీ గీసేవాళ్ళు ఆ ల్యాబులో పుట్టలేదు.

తలుపు చప్పుడైంది. మంచు డబ్బాతో పిచ్చుక, ఆమె వెనకాలే పెద్దమేడం.

"ఏమైంది?" అంది మేడం.

కంచెక్క తెర వైపు చూపించింది. తప్పు చెప్పలేదు కదా, చూపించానంతే అని మనసులో సర్దిచెప్పుకుంది.

పిచ్చుక ఆ ఖాళీ వైపు చాలాసేపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కొనవేలితో తుడుచుకుంది. తర్వాత మేడం వైపు తిరిగి, "అక్క చెప్పిందే నిజం మేడం. నేనే తొందరపడ్డాను. అందరి టైమూ పాడుచేశాను. క్షమించండి" అంది. కంచెక్క వైపు తిరిగి, "థాంక్స్ అక్కా. మీరు చూడకపోతే మేడం సభలో నవ్వులపాలయ్యేవారు" అని కూడా అంది.

ఇక్కడితో కంచెక్క గెలిచినట్టే. గెలిచింది కూడా. ఒక్క క్షణం.

పెద్దమేడం పిచ్చుక దగ్గరికి వచ్చి భుజం చుట్టూ చెయ్యేసింది. "ఏడవకు తల్లీ. ఇంత ఆశపడ్డ దాన్ని ఇంత నిబ్బరంగా వదులుకోవడం నా సర్వీసులో చూడలేదు. కణాలు ఇవాళ కాకపోతే రేపు దొరుకుతాయి. ఇలాంటి నిజాయితీ దొరకదు" అంది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా తలలూపారు. ఒకాయన జేబురుమాలు తీసిచ్చాడు.

కంచెక్క కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఏమిటిది? ఓడిపోయింది ఆ పిల్ల కదా! తప్పుచేశానని ఒప్పుకుంది కదా! మరి మెప్పు దానికేమిటి? చుక్కలుంటే తెలివైనదట, లేకపోతే నిజాయితీపరురాలట. ఎటు దొర్లినా దానికే పూలదండ! ఇన్నేళ్ళు నిజాయితీగా గీతలు గీసిన మనిషిని ఎవరైనా భుజం చుట్టూ చెయ్యేసి అన్నారా ఆ మాట? లేని నిజాయితీకి, తను బిగించిన అబద్ధపు కంచె మీద నిలబడి, ఆ పిల్ల మెప్పు కొట్టేస్తోంది!

"నిజాయితీ లేదు, గాడిదగుడ్డు లేదు!" అని అరిచింది కంచెక్క.

అందరూ ఉలిక్కిపడ్డారు.

"దానికేం తెలుసని నిజాయితీ? చూసినదాన్ని నేను! చుక్కలు ఉన్నాయి. జంటలు కావు. ఒంటివే. కంచె నేను లోపలికి లాగాను." ఆ విసురులోనే కుర్చీ ముందుకు లాక్కుని మూలని పట్టి బయటికి జరిపింది. గుంపు టపటపా తెరమీద వచ్చి వాలింది. "ఇదిగో. చూసుకోండి. చాలా?"

యంత్రం ఒక్కటే గుయ్యిమంటోంది. అప్పుడు తెలిసొచ్చింది కంచెక్కకి తానేమన్నదో. మెప్పు లాక్కుందామని చెయ్యిచాస్తే చేతిలోకి ఇది వచ్చింది.

"ఎందుకు లాగావు?" అంది పెద్దమేడం, గొంతు పెంచకుండా.

పొరపాటున జరిగిందంటే నమ్మేవాళ్ళే. ఆమె కంచె మీద వాళ్ళకి అంత గురి. "ఓర్వలేక" అంది చివరికి.

పిచ్చుక మంచు డబ్బా బల్లమీద పెట్టింది. "రాత్రంతా ఏడ్చాను అక్కా" అంది. ఆ గొంతులో కిచకిచ ఇసుమంత లేదు. "ఇప్పుడు మళ్ళీ ఏడ్చాను. మీకు థాంక్స్ కూడా చెప్పాను." అని మొహం తిప్పేసుకుంది.

పెద్దమేడం తిట్టలేదు. తిడితే కంచెక్కకి కాస్త తెరిపిగా ఉండేదేమో. "ఇకమీదట ఎవరి కంచె అయినా ఇద్దరు గీస్తారు. విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా" అంది. "నీ పాత గీతలతో సహా అన్నీ మళ్ళీ చూడాలి. పిచ్చుకా, ఆ గుంపుని యంత్రంతో వేరుచేయించి అద్దంపలక మీదకి ఎక్కించండి. సూక్ష్మదర్శినిలో కళ్ళారా చూస్తే గానీ నేను ఎవరి మాటా నమ్మను." ఎవరి మాటా అన్నప్పుడు ఎటూ చూడలేదు. కంచెక్కకి మాత్రం అది సూటిగానే తగిలింది. ఇక ఆ గదిలో కంచెక్క చూసిందా అని అడిగేవాళ్ళుండరు.

అద్దంపలక తయారుచేసే చెయ్యి ఆ ల్యాబులో కంచెక్కదే బాగా తిరిగింది కాబట్టి, పిచ్చుక కోపాన్ని పక్కన పెట్టి గొట్టం తెచ్చి ఆమె ముందు పెట్టింది. కంచెక్క దాని మూత తీసింది. పలక మీద కణాల్ని పరిచి, ఆరబెట్టి, రంగులో ముంచి, కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి వంగింది. వంగుతున్నప్పుడు కూడా, సిగ్గులేని మనసు, రెండు కేంద్రకాలు కనబడితే బావుండు, రెండు కణాలైతే బావుండు అని ఓ మూల కోరుకుంటూనే ఉంది.

మసక మసకగా ఉన్నది తేటపడింది. ఒకే కణం. గుండ్రంగా, నిండుగా, లేత నీలం ఒంటితో, నడుమ ఒకే ఒక్క ఊదారంగు కేంద్రకం. పలక జరిపింది. ఇంకోటి, అలాంటిదే. ఇంకోటి. ఒక్కటీ జంట కాదు.

ఎంత అందంగా ఉన్నాయో! వాటిని కళ్ళతో చూసిన మొదటి మనిషి ఆ ల్యాబులో ఆమే. పక్కన పిచ్చుక ఒంటికాలి మీద నిలబడి తన్నుకులాడుతోందని తెలుసు. చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఇంకో కణం, ఇంకో కణం చూస్తూ, ఆ పిల్లకి అందకుండా ఆ చూపుని కాసేపు తనొక్కతే దాచుకుంది.

"అక్కా, చెప్పండి. ఒకటా, రెండా?" అంది పిచ్చుక ఉండబట్టలేక.

కంచెక్క కంటినుంచి కారుతున్న నీళ్ళు భుజానికి తుడుచుకుని పక్కకి జరిగింది.

"ఒకటే. రా, చూసుకో. నీవే."

పిచ్చుక ఒక్క దూకులో వచ్చి కన్ను ఆనించి, వెంటనే చూపు కుదిర్చే మర తిప్పడం మొదలుపెట్టింది.

"ఏయ్, నేను కుదిర్చింది చెడగొట్టకు!"

"మీరు కుదిర్చింది నాకు మసగ్గా ఉందక్కా."

"మసకేమిటి, అద్దంలా ఉంటే!"

"మీకు అద్దంలా ఉందేమో. నన్ను తిప్పుకోనివ్వండి" అంది పిచ్చుక కన్ను తియ్యకుండానే. గొంతు ఇంకా కోపంగానే ఉంది. కంచెక్క చేతులు వెనక్కి కట్టుకుని, ఆ పిల్ల తల వెనకాల నిలబడి ఎదురుచూసింది.